అంతరించిపోతున్న కోతి, అంతరించిపోతున్న నాచు: ఏది కాపాడటం తేలిక?

తెలంగాణ పల్లెల్లో కోతి పేరెత్తితే చాలు, రైతులు మొత్తుకుంటారు. మొక్కజొన్న చేలో పడతాయి, ఇంటి పెంకులు లాగేస్తాయి, తలుపు తీసి ఉంటే వంటింట్లో గిన్నెలు కూడా మిగలనివ్వవు. కోతులను పట్టిస్తామని సర్పంచ్ ఎన్నికల్లో హామీలిచ్చే రోజులివి. నిర్మల్ దగ్గర 2020లో ప్రభుత్వం కోతుల కోసమే ఒక సంరక్షణ, పునరావాస కేంద్రం తెరిచింది. పట్టుకొచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి వదలడం అక్కడి పని. ఇలాంటి చోట నిలబడి "కోతులు అంతరించిపోతున్నాయి" అంటే నవ్వుతారు. ఇక "నాచు అంతరించిపోతోంది" అంటే ఆ నవ్వు కూడా రాదు. బాత్రూం గోడ చూపించి, కావలసినంత పట్టుకుపొమ్మంటారు.

అయితే కోతి అంటే ఒక్క జాతి కాదు, నాచు అంటే ఒక్క జాతి కాదు. ఊళ్లో ఎక్కువైపోయినవి వేరు, అడవిలో తగ్గిపోతున్నవి వేరు. ఒక కోతిని, ఒక నాచును పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక జీవి ప్రమాదంలో ఉందని ఎలా తేలుస్తారు, దాని కోసం ఎవరు గొంతెత్తుతారు, ఎవరికి ఏ సాయం పనికొస్తుంది అన్నది కొంత అర్థమవుతుంది. ఆ కోతి పడమటి కనుమల్లో ఉండే సింహపు తోక కోతి. ఆ నాచు పేరు టకాకియా. హిమాలయాల్లో, టిబెట్‌లో మంచు పక్కన బతికేది.

కోతి కథ తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. ఒళ్లంతా నల్లగా, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర సింహానికి ఉన్నట్టు చిన్న కుచ్చు. మలయాళంలో సింహవాలన్ అంటారు, కన్నడంలో సింగళీక. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లోని పడమటి కనుమల తడి అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. మన ఊరి కోతిలా నేల మీద తిరగదు. ఎత్తైన చెట్ల పై కొమ్మల్లోనే తినడం, పడుకోవడం, పిల్లల్ని పెంచడం. ఆడ కోతి మొదటి పిల్లను కనేసరికి ఐదారేళ్లు పడుతుంది, ఆ తర్వాత కూడా రెండు మూడేళ్లకు ఒకసారి ఒకే పిల్ల. అడవిలో ఉన్నవన్నీ కలిపి 4 వేలు దాటవని తరచూ చెప్పే అంచనా. ఆ కాస్తా కూడా ఒకే చోట లేవు. టీ, కాఫీ తోటల మధ్య ముక్కలు ముక్కలుగా మిగిలిన అడవుల్లో చిన్న చిన్న గుంపులుగా ఉన్నాయి.

ఈ కోతి దేశమంతా పేరు తెచ్చుకుంది ఒక డ్యామ్ వల్ల. కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో సైలెంట్ వ్యాలీ అనే అడవి మధ్య నుంచి కుంతిపుళ నది పారుతుంది. అక్కడ 120 మెగావాట్ల జల విద్యుత్ ప్రాజెక్టుకు 1973లో ప్రణాళికా సంఘం ఒప్పుకుంది. మునిగేది 8.3 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద చూస్తే పెద్ద లెక్కేం కాదు, కానీ అది గొడ్డలి పడని పాత అడవి. 1976లో కేంద్రం జాఫర్ ఫతేఅలీ నాయకత్వంలో ఒక బృందాన్ని వేస్తే, ప్రాజెక్టు మానుకోవడమే మేలని ఆ బృందం చెప్పింది. ప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ స్వయంగా లోయకు వెళ్లొచ్చి, డ్యామ్ వద్దని కోరారు. (1930ల మొదట్లో నిజాం రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేసింది కూడా ఈ సలీం అలీయే. హైదరాబాద్‌కు ఆయన కొత్త కాదు.) కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ కార్యకర్తలు ఊరూరా తిరిగారు. కవులు కవితలు రాశారు.

ఆ ఉద్యమానికి ముఖచిత్రంగా నిలిచింది ఈ కోతే. దాని వల్లే ఎగతాళి కూడా వచ్చింది. కరెంటు లేని మనుషులు ముఖ్యమా, నాలుగు కోతులు ముఖ్యమా అని అడిగినవాళ్లున్నారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. మలబారు ప్రాంతానికి అప్పుడు కరెంటు, ఉద్యోగాలు నిజంగానే కావాలి. ఏళ్ల తరబడి వాదోపవాదాల తర్వాత ఎం.జి.కె. మీనన్ కమిటీ పరిశీలన, ఇందిరా గాంధీ జోక్యంతో ప్రాజెక్టు ఆగిపోయింది. 1984 నవంబరులో సైలెంట్ వ్యాలీని నేషనల్ పార్కుగా ప్రకటించారు. 1985 సెప్టెంబరులో రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ అడవిలో కోతి ఒక్కటే లేదు. చెట్ల మొదళ్ల మీద, కొమ్మల మీద, వాగు రాళ్ల మీద లెక్కలేనన్ని నాచులున్నాయి. వాటి కోసం ఎవరూ కవిత రాయలేదు, ఊరేగింపు తీయలేదు. కోతి పుణ్యమా అని అవీ బతికిపోయాయి. ముఖం ఉన్న జంతువును ముందు పెట్టి అడవినంతా కాపాడుకోవడం పాత పద్ధతి. పెద్దపులి పేరు చెప్పి గడ్డిని కాపాడినట్టు. చాలా చోట్ల ఇది పనిచేస్తుంది. కోతి లేని చోట నాచు పరిస్థితి ఏమిటి?

దానికి ముందు నాచు అంటే ఏమిటో చూడాలి. మన మాటే కొంచెం తికమక పెడుతుంది. చెరువు మీద పచ్చగా తేలేదాన్నీ నాచే అంటాం, గోడ మీద మొలిచేదాన్నీ నాచే అంటాం. ఉర్దూలో "కాయీ" అన్నా ఇంతే, రెంటికీ ఒకటే మాట. నల్లా దగ్గర కాలు జారేలా చేసే పాకుడు ఎక్కువగా ఆల్గే. వానాకాలంలో పాత ప్రహరీల మీద, బావి గట్టు రాళ్ల మీద మఖ్మల్ గుడ్డ పరిచినట్టు మొలిచేది అసలైన నాచు, ఇంగ్లిష్‌లో మాస్. ఇది మొక్కే. పువ్వు లేదు, విత్తనం లేదు, నీళ్లు లాగే వేరు కూడా లేదు. నీళ్లను ఒంటితోనే తాగుతుంది. ఎండాకాలంలో గోడ మీద నల్లగా మాడిపోయినట్టు కనిపిస్తుంది. తొలకరి పడిన రోజే మళ్లీ పచ్చబడుతుంది. ప్రపంచంలో సుమారు 12 వేల రకాల నాచులున్నాయి.

వాటిలో టకాకియా తీరే వేరు. జపాన్ వృక్ష శాస్త్రవేత్త నోరివో టకాకి పేరు మీద 1958లో దీనికి ఆ పేరు పెట్టారు. జపాన్‌లో దీన్ని "నాంజమొంజ గోకే" అంటారు, అంటే దాదాపుగా "ఇదేం నాచురా బాబూ" అని. చూసినవాళ్లకు ఇది నాచో కాదో అర్థం కాలేదు మరి. హిమాలయాల్లో దొరికిన ఒక రకాన్ని 1861లోనే వర్ణించారు గానీ, లివర్‌వర్ట్ అనే మరో గుంపులో కలిపేశారు. దీని బీజాశయాలు అలాస్కా పక్కనున్న అల్యూషియన్ దీవుల్లో దొరికి, ఇది నాచేనని ఖాయమయ్యేసరికి 1990లు వచ్చాయి. మొత్తం రెండే జాతులు. హిమాలయాలు, టిబెట్, జపాన్, ఉత్తర అమెరికా వాయవ్య తీరం, ఇలా అక్కడో చుక్క ఇక్కడో చుక్క.

2023 ఆగస్టులో "సెల్" అనే సైన్స్ పత్రికలో దీని మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ రెస్కీ, బీజింగ్‌లోని క్యాపిటల్ నార్మల్ యూనివర్సిటీకి చెందిన యీకున్ హె బృందం పదేళ్లకు పైగా టిబెట్ కొండలెక్కి చేసిన పని అది. సముద్ర మట్టానికి 4 వేల మీటర్ల పైన, ఏడాదిలో 8 నెలలు మంచు కింద కప్పబడి ఉండి, మిగతా 4 నెలలు ఒళ్లు కాలిపోయే అతినీలలోహిత కిరణాల కింద ఈ నాచు బతుకుతోంది. ఈ వంశం వయసు సుమారు 39 కోట్ల ఏళ్లు. డైనోసార్ల కంటే ముందుది. దాని కాళ్ల కింద నేల లేచి హిమాలయం అయింది, అది అక్కడే ఉండి అలవాటు పడింది. వేగంగా మారుతూ వచ్చిన జన్యువులు తెలిసిన నాచులన్నిటిలోకీ దీనికే ఎక్కువని ఆ పరిశోధకులు తేల్చారు.

ఇన్ని చూసినది ఇప్పుడు వెనకబడుతోంది. పరిశోధన జరిగిన చోట 2010 తర్వాత సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ పెరిగింది. పక్కనున్న హిమానీనదం ఏడాదికి దాదాపు 50 మీటర్ల చొప్పున వెనక్కి పోయింది. ఆ పదేళ్లలోనే టకాకియా పరుచుకున్న నేల స్పష్టంగా తగ్గింది. పక్కనే ఉన్న కొన్ని ఇతర మొక్కలు మాత్రం వెచ్చదనానికి సంతోషంగా పెరుగుతున్నాయి. ఈ శతాబ్దం చివరికి దీనికి సరిపడే నేల ప్రపంచం మొత్తం మీద 1,000 నుంచి 1,500 చదరపు కిలోమీటర్లే మిగలవచ్చని వాళ్ల అంచనా. హైదరాబాద్ వాళ్లకు తెలిసిన కొలతలో చెప్పాలంటే, 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ పరిధికి దాదాపు రెండింతలు. అది కూడా ఒకే చోట కాదు, ఖండాల మీద చెల్లాచెదురుగా.

ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పేది ఐయూసీఎన్ రెడ్ లిస్ట్. కోతికైనా నాచుకైనా కొలమానం ఒకటే. పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, సంఖ్య 30 శాతం తగ్గితే ఒక మెట్టు, 50 శాతమైతే దాని పై మెట్టు, 80 శాతమైతే ఇక అంచున ఉన్నట్టు. విస్తీర్ణం, మిగిలిన సంఖ్య లాంటి లెక్కలు కూడా ఉంటాయి. సింహపు తోక కోతి ఈ లిస్టులో మధ్య మెట్టు మీద, అంటే ఎన్‌డేంజర్డ్‌గా ఉంది. టకాకియా రెండు జాతుల్లో ఒకటైన సెరటోఫిల్లా దాని కింది మెట్టు మీద, వల్నరబుల్‌గా ఉంది.

కొలమానం ఒకటే గానీ, లెక్క పెట్టడం ఒకటి కాదు. అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఇది స్టాక్ టేకింగ్ సమస్యలా కనిపిస్తుంది. గోడౌన్‌లో బస్తాలైతే ఎంచవచ్చు, ట్యాంకులో నూనెను ఎంచేదెలా? కోతిని ఎంచవచ్చు. తల్లి, పిల్ల, మగది, గుంపుకు ఇన్ని అని నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. నాచు ఒక పరుపు. అందులో ఒక మొక్క ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది? అందుకని నాచు నిపుణులు ఒక సర్దుబాటు చేసుకున్నారు. నేల మీద పెరిగే నాచైతే అది ఉన్న ప్రతి చదరపు మీటరూ ఒక "ప్రాణి" కింద లెక్క. చెట్టు మీద పెరిగేదైతే అది ఉన్న ఒక్కో చెట్టూ ఒక ప్రాణి. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇంతకంటే మంచి దారి దొరకలేదు. అంటే ఒక చెట్టు కొట్టేస్తే, నాచు లెక్కలో ఒక కోతిని చంపినంత.

లెక్క పెట్టే మనుషుల సంఖ్యలోనూ తేడా ఉంది. పాలిచ్చే జంతువుల్లో దాదాపు అన్నిటినీ రెడ్ లిస్ట్ పరిశీలించింది. నాచుల్లో ప్రపంచ స్థాయిలో పరిశీలించినవి చిన్న భాగం మాత్రమే. యూరప్‌లో మాత్రం పట్టుబట్టి నాచులు, వాటి దగ్గరి చుట్టాలు 1,817 జాతులను లెక్కించి 2019లో నివేదిక ఇచ్చారు. అందులో 22.5 శాతం ప్రమాదంలో ఉన్నాయని తేలింది. చూసిన చోట నాలుగైదింటికి ఒకటి ప్రమాదంలో కనిపిస్తే, చూడని చోట అన్నీ బాగున్నాయని అనుకోవడానికి ఆధారం ఏమీ లేదు.

మన చట్టం కూడా కోతి వైపే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సింహపు తోక కోతి మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల జరిమానా. మొక్కలకు ఈ చట్టంలో చోటు దొరకడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు చేర్చినవి ఆరే. అందులో ఒకటి మన తిరుమల కొండల చుట్టుపక్కల పెరిగే బెడ్డోమ్ సైకాస్. నాచు ఒక్కటి కూడా లేదు.

ఇంతకీ ఏది పోతే ఎక్కువ నష్టం? జవాబు దేంతో కొలుస్తామన్న దాని మీద ఉంటుంది. కోతికి నొప్పి తెలుస్తుంది, భయం తెలుస్తుంది, పిల్ల చనిపోతే తల్లి దాన్ని వదలకుండా పట్టుకు తిరుగుతుంది. నాచుకు నరాలే లేవు, దానికి బాధ ఉందని ఎవరూ అనరు. ఒక్కో ప్రాణిని చూస్తే కోతి వైపు తూకం వాలడం న్యాయమే. కానీ జాతిని, వంశాన్ని చూస్తే తూకం తిరగబడుతుంది. మకాక్ అనే ఆ కోతుల కుటుంబంలో 20కి పైగా జాతులున్నాయి. సింహపు తోక కోతి పోతే తీరని లోటే, అయినా దాని అన్నదమ్ములు మిగులుతారు. టకాకియా రెండు జాతులూ పోతే 39 కోట్ల ఏళ్ల కొమ్మ మొదలంటా పోతుంది. మళ్లీ అలాంటిది చూపించడానికి చుట్టం కూడా ఉండదు. ముద్దొచ్చే ముఖం ఉందా లేదా అన్నదాన్ని బట్టి సాయం పంచడం మాత్రం ఏ తూకంలోనూ సరైన లెక్క కాదు.

అసలు తేడా సాయం ఎలా చేయాలన్న దగ్గర ఉంది. కోతి శత్రువులు దగ్గరలోనే ఉన్నారు. డ్యామ్, రోడ్డు, రంపం. దగ్గరి శత్రువును దగ్గరే ఆపవచ్చు. తమిళనాడులోని వాల్పారై దగ్గర టీ తోటల మధ్య రోడ్డు దాటుతూ ఈ కోతులు వాహనాల కింద పడుతుంటే, నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు చెట్టుకూ చెట్టుకూ మధ్య రోడ్డు పైన వేలాడే వంతెనలు కట్టారు. అందుకు ఫైరింజన్ల పాత పైపులు కూడా వాడారు. కోతులు వాటి మీద నడవడం నేర్చుకున్నాయి. కర్ణాటకలో అఘనాశిని నది ప్రాంతాన్ని 2011లో ఈ కోతి పేరు మీదే రిజర్వుగా ప్రకటించారు. ఖర్చు ఉంది, తగాదాలున్నాయి, అయినా చేయవలసిన పని ఏమిటో తెలుసు.

టకాకియాకు ఆ సౌకర్యం లేదు. దాన్ని ఎవరూ నరకడం లేదు, ఎవరూ తవ్వి అమ్మడం లేదు. చుట్టూ కంచె వేసి, గేటు దగ్గర గార్డును నిలబెట్టినా వేడి ఆగదు. దాని చావుకు కారణమైన పొగ వేల కిలోమీటర్ల దూరంలో, బహుశా మన బండి సైలెన్సర్‌లోంచి కూడా వచ్చింది. వేడెక్కితే మొక్కలు మెల్లగా కొండ పైకి జరుగుతాయి. ఇది ఇప్పటికే పైన ఉంది. ఎక్కడానికి ఇంకెంతో కొండ మిగల్లేదు. ఏ డ్యామ్‌ను ఆపాలని ఊరేగింపు తీయాలి?

ఒక్క విషయంలో మాత్రం నాచుదే పైచేయి. హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే ప్రయోగశాల ఉంది. అంతరించే జంతువుల కణాలు, వీర్యం గడ్డకట్టించి దాచడం, కృత్రిమంగా పిల్లలను పుట్టించడం అక్కడి పని. దాన్ని 2007లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. గొప్ప పనే, కానీ జంతువు విషయంలో సీసాలో దాచిన కణానికీ అడవిలో గెంతే కోతికీ మధ్య చాలా దూరం. గర్భం మోసే తల్లి కావాలి, పుట్టాక ఏ పండు ఎప్పుడు పండుతుందో నేర్పే గుంపు కావాలి. నాచుకు ఇవేమీ అక్కర్లేదు. ఆకు ముక్క చాలు, మళ్లీ మొక్క మొలవగలదు. అంటార్కిటిక్‌లోని సైనీ దీవిలో 1,500 ఏళ్లకు పైగా మంచులో గడ్డకట్టి ఉన్న నాచు, ల్యాబ్‌లో వెలుగు, తేమ ఇస్తే తిరిగి చిగురించిందని 2014లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్రైబర్గ్‌లో నాచుల కోసమే ఒక అంతర్జాతీయ బ్యాంకు ఉంది. రకరకాల నాచులను అక్కడ గడ్డకట్టించి దాస్తున్నారు.

మళ్లీ మన ఊరి కోతి దగ్గరికి వస్తే, దాని సంగతీ అనుకున్నంత తేలిక కాదు. దక్షిణాదికి అసలైన కోతి నెత్తిన టోపీ పెట్టుకున్నట్టు జుట్టుండే బానెట్ మకాక్. ఉత్తరాది నుంచి ఎర్ర మూతి రీసస్ కోతులు గోదావరి దాటి దక్షిణానికి దిగుతూ, దాన్ని నెట్టేస్తున్నాయి. రోడ్ల పక్కన మర్రి, చింత చెట్లు కొట్టేయడంతో బానెట్ కోతికి నీడ కూడా పోయింది. రెడ్ లిస్ట్ ఇప్పుడు దాన్నీ వల్నరబుల్ అనే మెట్టు మీద పెట్టింది. టకాకియా సెరటోఫిల్లా ఉన్నదీ అదే మెట్టు. పల్లెల్లో కోతులను పట్టేటప్పుడు ఏ రకం ఎన్ని అని విడివిడిగా రాసుకుంటే ఆ లెక్క ఒకరోజు అక్కరకొస్తుంది.

టిబెట్‌లో ఆ పరిశోధకులు చూసి ఊరుకోలేదు. ల్యాబ్‌లో టకాకియాను పెంచి, ఆ మొక్కలను కొండల మీద ఎంచుకున్న చోట్ల నాటారు. ఐదేళ్ల పాటు గమనించారు. అన్నీ కాకపోయినా కొన్ని బతికాయి, పెరిగాయి. దీంతో ఆ నాచు కోలుకోవచ్చు, లేదా కనీసం దాని అంతం కొంత వెనక్కి జరగవచ్చు అన్నదే ప్రస్తుతానికి వాళ్ల మాట.